గ్రీకు దీవిలో సంప్రదాయ రాతి ఇల్లు: విదేశీయులం కట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: దీవిబాట

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా చాలా ఏళ్ళుగా నెదర్లాండ్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. ఉద్యోగ విరమణ తర్వాత ఏడాదిలో సగం కాలమైనా ఏజియన్ సముద్రపు దీవుల్లో గడపాలన్నది మా ఇద్దరి కోరిక. అక్కడి పాత ఊళ్ళలో కనిపించే దళసరి గోడలు, చిన్న కిటికీలు, చెక్క దూలాల కప్పు ఉన్న రాతి ఇంటిని కట్టుకోవాలని అనుకుంటున్నాం. ఈతకొలను ఉన్న విల్లా మాకు అక్కర లేదు. ఎనభై, తొంభై చదరపు మీటర్ల ఇల్లు చాలు.

ప్రస్తుతం మా ముందు రెండు అవకాశాలు ఉన్నాయి. మొదటిది ఆండ్రోస్ దీవిలో ఊరికి బయట సుమారు 3,200 చదరపు మీటర్ల ఖాళీ స్థలం. పాత మెట్ల పొలాలు, వాటిని ఆపే రాతి గోడలు, ఎదురుగా సముద్రం. అది ఇల్లు కట్టుకోవడానికి అర్హత ఉన్న స్థలమేనని ఏజెంటు చెబుతున్నారు. రెండవది ఇకారియా దీవిలో కొండ వాలు మీదున్న ఒక చిన్న ఊళ్ళో పైకప్పు కూలిపోయిన పాత ఇల్లు. గోడలు చాలావరకు నిలిచే ఉన్నాయి. దానికి చాలామంది వారసులు ఉన్నారు, వారిలో కొందరు అమెరికాలో స్థిరపడ్డారు. ధర తక్కువే, కానీ చిక్కులు ఎక్కువేమోనని సందేహం.

నా ప్రశ్నలు రెండు. యూరోపియన్ యూనియన్ పౌరులం కాని మాకు ఈ రెండింటిలో ఏది సాధ్యం? ఇక రాతి ఇల్లు అన్నప్పుడు బరువు మోసే నిజమైన రాతి గోడలు కట్టించాలా, లేక కాంక్రీటు ఫ్రేము వేసి బయటి వైపు రాయి పేర్పించాలా? మాతో మాట్లాడిన కాంట్రాక్టర్లందరూ రెండవదే చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం: ఏథెన్స్_నుంచి

దీవిబాట గారూ, నేను ఏథెన్స్‌లో ఒక లాయరు కార్యాలయంలో ఆస్తి పత్రాల పరిశీలన విభాగంలో పని చేస్తున్నాను. గోడల సంగతి తెలిసినవారికి వదిలి, స్థలాల గురించి మాత్రమే రాస్తాను.

ముందుగా ఆండ్రోస్ స్థలం. గ్రీసులో పట్టణ ప్రణాళికకూ, ఊరి హద్దులకూ బయట ఉన్న భూమిలో ఇల్లు కట్టాలంటే మూల నియమం ప్రకారం కనీసం నాలుగు స్ట్రెమ్మాలు, అంటే 4,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. ఒకప్పుడు ఇంతకంటే చిన్న స్థలాలకు కూడా, అవి ఫలానా తేదీకి ముందే విడివడి ఉన్నాయనీ, ప్రధాన రహదారిని ఆనుకుని తగినంత ముఖభాగం ఉందనీ చూపితే, మినహాయింపు మీద పర్మిట్ ఇచ్చేవారు. 4759/2020 చట్టం ఆ మినహాయింపులను ఎత్తివేసింది. సర్దుబాటుకు ఇచ్చిన గడువు కూడా దాటిపోయింది. మీ ఏజెంటు మోసం చేస్తున్నారని నేను అనను. అర్హత ఉన్న స్థలమన్న మాట పాత పత్రాల్లో అలాగే మిగిలిపోయి, అమ్మకపు ప్రకటనల్లోకి ఎక్కుతూ ఉంటుంది. కానీ మీరు చెప్పిన 3,200 చదరపు మీటర్ల లెక్క నిజమైతే, ఈనాటి చట్టం ప్రకారం అది ఇంటి స్థలం కాదు, సముద్రం కనిపించే పొలం మాత్రమే. ఆ ధర పెట్టి దాన్ని కొనవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎవరైనా 4,000 చదరపు మీటర్లకు మించిన మరో స్థలం చూపించినా మూడు విషయాలు తేలకుండా ముందుకు వెళ్ళకండి. మొదటిది దారి. స్థలానికి రోడ్డు వైపు ముఖభాగం ఉండాలి. ఆ రోడ్డు చట్టబద్ధంగా ప్రజల వాడుకకు గుర్తించిన దారి అయి ఉండాలి. గ్రీసు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2023లో ఇచ్చిన 176వ నంబరు తీర్పు తర్వాత ఈ విషయంలో పట్టు బిగిసింది. పొలాల మధ్య ఎవరికివారు వేసుకున్న మట్టి బాటలనే రోడ్లుగా చూపి పర్మిట్లు తెచ్చుకునే అలవాటు దీవుల్లో ఎక్కువగా ఉండేది కాబట్టి, దెబ్బ కూడా దీవుల మీదే ఎక్కువగా పడింది. రెండవది అటవీ పటం. తాతల కాలంలో బార్లీ పండిన మెట్ల పొలం కూడా దశాబ్దాల తరబడి బీడుపడి పొదలు పెరిగితే అటవీ భూమిగా గుర్తింపు పొంది ఉండవచ్చు. మూడవది పురావస్తు శాఖ అభిప్రాయం. చాలా దీవుల్లో పునాది తవ్వే రోజు ఆ శాఖ ఉద్యోగి దగ్గరుండి చూస్తారు. నేలలో ప్రాచీన అవశేషాలు బయటపడితే పని అక్కడికక్కడే ఆగుతుంది.

ఇకారియా విషయం వేరు. అక్కడ అడ్డంకి స్థలానిది కాదు, మీ పాస్‌పోర్టుది. 1892/1990 చట్టం దేశంలోని కొన్ని ప్రాంతాలను సరిహద్దు ప్రాంతాలుగా ప్రకటించింది. దొదెకనీస్ దీవులన్నీ, లెస్వోస్, ఖియోస్, సామోస్ జిల్లాలు, విడిగా సాంటోరిని, స్కీరోస్ దీవులు ఆ జాబితాలో ఉన్నాయి. ఇకారియా సామోస్ జిల్లాలోనిదే. యూరోపియన్ యూనియన్ పౌరులకు ఈ ఆంక్ష ఇప్పుడు వర్తించదు. మీవంటి ఇతర దేశాల పౌరులు మాత్రం ముందుగా రక్షణ మంత్రిత్వ శాఖ అనుమతి పొందాలి. మీరు నెదర్లాండ్స్‌లో నివసిస్తున్నంత మాత్రాన పౌరసత్వం మారదు కాబట్టి, డచ్ నివాస పత్రం ఇక్కడ పనికిరాదు. అనుమతి లేకుండా రాసుకున్న దస్తావేజు చెల్లదు. అనుమతి రాదని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నేర చరిత్ర లేదన్న ధ్రువీకరణ, కొనుగోలు ఉద్దేశం, స్థలం పటం వంటి పత్రాలతో దరఖాస్తు చేసినవారికి అనుమతులు వస్తూనే ఉన్నాయి. కానీ నెలల తరబడి వేచి ఉండేందుకు సిద్ధపడాలి. ఆండ్రోస్, తీనోస్, నాక్సోస్, సీరోస్ వంటి సైక్లడీస్ దీవుల్లో, సాంటోరినిని మినహాయిస్తే, ఈ అనుమతి అవసరమే లేదు.

వారసుల చిక్కు భయపడినంత పెద్దది కాదు, అయితే ఓపిక కావాలి. వారసులందరూ ముందు వారసత్వాన్ని నోటరీ దగ్గర స్వీకరించి, దాన్ని భూమి రికార్డుల్లో నమోదు చేయించుకోవాలి. అమెరికాలో ఉన్నవారు అక్కడి గ్రీకు రాయబార కార్యాలయంలో అధికార పత్రం రాసి పంపవచ్చు. ఒక్కరు సంతకం చేయకపోయినా మీకు పూర్తి హక్కు రాదు. ఈ పని పూర్తి చేయించే బాధ్యత అమ్మేవారిదేనని మొదటి రోజే స్పష్టం చేసుకోండి.

పాత ఇంటికి ఒక పెద్ద బలం ఉంది. 1955 నవంబరు 30కి ముందు కట్టిన భవనాలను చట్టం ముందునుంచీ ఉన్న చట్టబద్ధమైన కట్టడాలుగా చూస్తుంది. దానికి రుజువుగా 1945 నాటి వైమానిక ఛాయాచిత్రాలను ఇంజనీర్లు తెచ్చి చూపుతారు. ఊరి హద్దుల్లోనే ఉన్న పాత కట్టడం కనుక నాలుగు స్ట్రెమ్మాల నియమం దానికి అడ్డు రాదు. మీరు చూసిన రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే, ఎక్కువ సమయం పట్టినా ఇకారియా ఇంటినే ఎంచుకుంటాను.

ఖర్చుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఏ కొనుగోలుకైనా ముందు పన్ను నంబరు తీసుకోవాలి, గ్రీసులో ఒక పన్ను ప్రతినిధిని నియమించుకోవాలి. పాత ఆస్తి బదిలీ పన్ను 3.09 శాతం. నోటరీ, లాయరు, నమోదు రుసుములు దానికి అదనం. మీకు గ్రీకు రాకపోతే నోటరీ ముందు దుబాసీ ఉండాలి, లేదా మీ లాయరుకు అధికార పత్రం ఇవ్వాలి. ఆ లాయరు అమ్మేవారు గానీ ఏజెంటు గానీ చూపించినవారు కాకూడదు.

సమాధానం: కట్టుబడి

పై వివరాలన్నిటితో ఏకీభవిస్తున్నాను. నేను నిర్మాణ ఇంజనీరుని. పాత రాతి భవనాల బలోపేతం మీద గ్రీసులోనూ ఇటలీలోనూ పని చేశాను. మీ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఆ గోడ లోపల ఏముంటుందో చెప్పాలి.

ఏజియన్ దీవుల పాత రాతి గోడ బయటికి ఒకే ముక్కలా కనిపించినా, నిజానికి అది రెండు గోడలు. బయటి వరుస ఒకటి, లోపలి వరుస ఒకటి, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి, సున్నం. మొత్తం మందం సాధారణంగా యాభై నుంచి డెబ్బై సెంటీమీటర్లు. మంచి మేస్త్రీ కట్టిన గోడలో ఈ రెండు వరుసలనూ కలుపుతూ గోడ మందమంతా ఒక ముఖం నుంచి రెండవ ముఖం దాకా వెళ్ళే పొడవాటి రాళ్ళు అక్కడక్కడా ఉంటాయి. మూలల్లో పెద్ద చెక్కిన రాళ్ళను ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి పేరుస్తారు. లెస్వోస్, సామోస్ వైపు గోడలోనే కొన్ని ఎత్తుల్లో అడ్డంగా చెక్క దుంగలు కూడా పొదుగుతారు. ఈ మూడూ ఉన్న గోడ భూకంపాన్ని చాలావరకు తట్టుకుంటుంది. ఇవి లేని గోడలో రెండు వరుసలూ విడిపోతాయి, బయటిది పొట్టలా ఉబ్బి కూలుతుంది. 2017 జూన్ 12న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో లెస్వోస్ దీవిలోని వ్రీసా ఊరు ఎలా నేలమట్టమైందో ఫోటోలు చూడండి. కూలినవాటిలో అత్యధికం ఇటువంటి పాత రాతి ఇళ్ళే. 2020 అక్టోబరు 30న సామోస్ దగ్గర 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఇద్దరు పిల్లలు మరణించింది కూడా కూలిన పాత గోడ కిందే. సామోస్ మీ ఇకారియాకు పక్క దీవి.

బరువును ఒకసారి లెక్క వేసుకుందాం. అరవై సెంటీమీటర్ల మందం, మూడు మీటర్ల ఎత్తు, పది మీటర్ల పొడవు ఉన్న ఒక్క గోడలో 18 ఘనపు మీటర్ల కట్టుబడి ఉంటుంది. దాని బరువు దాదాపు నలభై టన్నులు. నేల పక్కకు కదిలినప్పుడు ఆ బరువంతా పక్కకు తోస్తుంది. గ్రీసు భూకంప నియమావళి దేశాన్ని మూడు మండలాలుగా విడదీసి, డిజైను కోసం నేల త్వరణాన్ని, అంటే భూకంపంలో నేల కుదుపు తీవ్రతను, గురుత్వ త్వరణంలో 0.16, 0.24, 0.36 వంతులుగా నిర్ణయించింది. సైక్లడీస్‌లో ఎక్కువ భాగం మొదటి మండలం, సామోస్ జిల్లా రెండవ మండలం, కెఫలోనియా, జాకింథోస్, లెఫ్కాదా వంటి పశ్చిమ దీవులు మూడవ మండలం. అంటే రెండు దీవుల్లో అచ్చం ఒకే ఇల్లు కట్టినా, ఇకారియాలోని గోడ ఆండ్రోస్ గోడకంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ తోపును తట్టుకోవాలి.

కాంట్రాక్టర్లు కాంక్రీటు ఫ్రేము అనడానికి కారణం ఇదే. కాంక్రీటు స్తంభాలు, దూలాలు భూకంప భారాన్ని మోస్తాయి, మధ్యలో ఇటుక గోడ, దాని బయట ఇన్సులేషన్, అన్నిటికంటే బయట ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల మందంతో రాతి వరుస. ఈనాడు దీవుల్లో కొత్తగా కడుతున్న రాతి ఇళ్ళలో ఎక్కువ భాగం ఇలాంటివే. లెక్కలు తేలిక, పర్మిట్ తేలిక, వేడి నష్టం గురించిన నియమాలను దాటడం తేలిక. చివరిది చిన్న విషయం కాదు. రాయి చల్లదనాన్ని ఇస్తుందని అందరూ అంటారు గానీ, అది వేడిని నిల్వ చేసుకునే పదార్థమే తప్ప వేడిని ఆపే పదార్థం కాదు. ఇన్సులేషన్ లేని అరవై సెంటీమీటర్ల రాతి గోడ జనవరిలో ఇంటి వేడిని ధారాళంగా బయటికి వదులుతుంది. దీవుల్లో చలికాలం మంచుతో కాదు, చెమ్మతో బాధపెడుతుంది.

అయినా ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు వేరు, ఇకారియాలో మీరు చూసిన పాత ఇల్లు వేరు. అక్కడ నిలిచి ఉన్న గోడల లోపల కాంక్రీటు ఫ్రేము వేయడమంటే ఆ గోడలను అలంకారంగా మార్చడమే. ఎనభై చదరపు మీటర్ల ఇంట్లో స్తంభాలు గదులనూ మింగుతాయి. నా సలహా ఏమిటంటే, గోడలు నిలబెట్టదగినవైతే వాటినే బరువు మోయనివ్వండి. సున్నం ఆధారమైన పలుచటి ద్రావణాన్ని గోడ లోపలికి ఎక్కించి ఖాళీలు నింపాలి. ముఖాల మధ్య కట్టు తెగిన చోట స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో కలపాలి. గోడల తల మీద నాలుగు వైపులా కలిసే తేలికపాటి రింగ్ బీమ్ వేసి, కొత్త చెక్క కప్పును దానికి బిగించాలి. ఇలా చేస్తే నాలుగు గోడలూ ఒక పెట్టెలా కలిసి కదులుతాయి. పాత గోడల మీద దళసరి కాంక్రీటు శ్లాబు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి. గట్టిదనం పెరుగుతుందని అనిపిస్తుంది గానీ, బలహీనమైన గోడ తల మీద మరిన్ని టన్నులు ఎక్కించినట్లే అవుతుంది. భూకంపాల్లో అటువంటి ఇళ్ళు ఎలా కూలాయో నేను చూశాను.

సిమెంటు గురించి కూడా చెప్పాలి. రాళ్ళ మధ్య సందులను సిమెంటుతో పూడ్చితే మొదటి రెండు మూడేళ్ళు ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత నేల నుంచి, సముద్రపు గాలి నుంచి గోడలో చేరిన చెమ్మ, ఉప్పు బయటికి రాలేక రాయినే తినేస్తాయి. పాత మేస్త్రీలు సున్నంలో సాంటోరిని అగ్నిపర్వతపు మట్టిని కలిపేవారు. నీటిలో కూడా గట్టిపడే ఆ గచ్చు (రాళ్ళను అతికే సున్నపు మిశ్రమం) కోసమే పందొమ్మిదో శతాబ్దంలో ఆ మట్టిని సూయజ్ కాలువ పనులకు ఓడల్లో తీసుకువెళ్ళారు. సాంటోరిని గనులు మూతపడినా, మీలోస్ దీవి నుంచి వచ్చే అటువంటి మట్టి ఇప్పటికీ దొరుకుతుంది. మీ ఒప్పందంలో గచ్చు మిశ్రమాన్ని పాళ్ళతో సహా రాయించండి. రాయి ఏదైనా కొంత సర్దుకోవచ్చు, గచ్చు తప్పితే ఇల్లంతా తప్పుతుంది.

సమాధానం: సున్నపుగోడ

నేను నాక్సోస్ దీవి లోపలి ఊళ్ళో ఒక పాత ఇంటిని బాగు చేయించుకుని అందులోనే ఉంటున్నాను. కట్టుబడి గారు చెప్పిన పద్ధతిలోనే పని జరిగింది. కాబట్టి పని జరిగేటప్పుడు ఎదురయ్యే విషయాలకే పరిమితమవుతాను.

గ్రీసులో పర్మిట్ దరఖాస్తును ఇంటి యజమాని స్వయంగా వేయలేరు. గ్రీసు సాంకేతిక మండలిలో నమోదైన ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వేస్తారు. కొనుగోలు సమయంలో అక్రమ కట్టడాలు లేవన్న ధ్రువీకరణ, అక్షాంశ రేఖాంశాలకు కట్టిన స్థల పటం కూడా వారే ఇస్తారు. అందువల్ల కొన్న తర్వాత కాదు, కొనకముందే ఇంజనీరును పెట్టుకోండి. మా విషయంలో ఇంటి ధర కాక పెట్టిన ఖర్చులన్నిటిలోకీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ ముందస్తు పరిశీలనకు ఇచ్చిన రుసుమే. ఊరు సంప్రదాయ గ్రామంగా గుర్తింపు పొందినదైతే ప్లాను భవనాల నిర్మాణ శైలిని పరిశీలించే మండలి ముందుకు వెళుతుంది. 1978 నాటి అధ్యక్ష ఉత్తర్వుతో దేశవ్యాప్తంగా వందలాది ఊళ్ళు ఆ జాబితాలో చేరాయి, తర్వాత మరికొన్ని కలిశాయి. ఆ మండలి కిటికీల నిష్పత్తి, తలుపుల రంగు, కప్పు ఆకారం దాకా పట్టించుకుంటుంది. మొదట నాకు ఇది విసుగు కలిగించినా, ఆ నియమాలు లేకపోతే మనల్ని అక్కడికి రప్పించిన ఊళ్ళే మిగిలేవి కాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. అందంగా ఉంటుందని గోడల మీది పాత సున్నాన్ని గీకించి రాళ్ళన్నీ బయటపెట్టాలని చాలామంది విదేశీయులు కోరుకుంటారు. సైక్లడీస్‌లో చాలా ఇళ్ళకు సున్నపు పూత అలంకారం కాదు, చిన్న చిన్న ఎగుడుదిగుడు రాళ్ళతో కట్టిన గోడకు అది చర్మం. రాతి ముఖం చూపించడానికే చెక్కి కట్టిన గోడలు ఉన్న చోటనే రాయిని బయటపెట్టాలి.

మేస్త్రీల విషయానికి వస్తే, ఈనాడు దీవుల్లో రాతి పనిలో నిపుణులైనవారిలో చాలామంది 1990ల్లో అల్బేనియా నుంచి వచ్చి స్థిరపడినవారు, వారి పిల్లలు. మంచి మేస్త్రీకి చేతి నిండా పని ఉంటుంది, ఏడాది ముందే మాట తీసుకోవాలి. వారు కట్టిన పాత గోడలను స్వయంగా వెళ్ళి చూడండి. నిలువు సందులు ఒకదాని మీద ఒకటి వరుసగా రాకుండా చూశారా, మూలరాళ్ళు మారుతున్నాయా, గోడ అడ్డంగా ఎక్కడైనా కనిపిస్తే పొడవాటి రాళ్ళు లోపలికి వెళ్ళాయా అని చూస్తే వారి పనితనం అర్థమవుతుంది. కూలీల సామాజిక భద్రతా చందా చెల్లించే బాధ్యత చట్టం ప్రకారం పని చేయించే యజమాని మీద పడుతుంది. దీన్ని కాంట్రాక్టరు ధరలో కలిపారా లేదా అన్నది కాగితం మీద ఉండాలి. విలువ ఆధారిత పన్ను విషయం కూడా అంతే.

రాయి సంగతి మరొకటి. ఆండ్రోస్‌లో మీరు చూసిన మెట్ల పొలాల గోడల రాళ్ళను తీసి ఇంటికి వాడుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. పెద్ద పలకరాళ్ళను నిలువుగా నిలిపి మధ్యలో చిన్నవి పేర్చే ఆండ్రోస్ గోడలు మరెక్కడా అలా కనిపించవు. గచ్చు లేకుండా రాళ్ళు పేర్చే ఆ విద్య 2018లో గ్రీసుతో సహా ఎనిమిది దేశాల తరఫున యునెస్కో జాబితాలో చేరింది. ఆ గోడ తీసేస్తే తర్వాతి వానలకు దాని వెనకున్న మట్టి అంతా సముద్రంలోకి పోతుంది. కూలిన ఇంటి రాళ్ళు ఆ ఇంటికే సరిపోతాయి. తక్కువైతే అదే దీవిలో అదే రకం రాయి కొనండి.

పనికాలం కూడా ముఖ్యమే. వేసవిలో పర్యాటకుల రద్దీ వల్ల కొన్ని దీవుల్లో పెద్ద శబ్దాలు చేసే పనులను ఆపుతారు, ఆగస్టులో ఎలాగూ ఎవరూ దొరకరు. చలికాలంలో గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆగిపోయి సామాను రేవులోనే ఉండిపోతుంది. మిగిలేది వసంతం, శరదృతువు. సున్నపు గచ్చుకూ ఆ కాలమే మంచిది, ఎందుకంటే మండుటెండలో అది తొందరగా ఎండి పగులుతుంది. మీ ఇంటికి ట్రక్కు దారి ఉందో లేదో చూశారా? కొండ ఊళ్ళలో చివరి యాభై మీటర్లు గాడిద మీదో, చేతి బండి మీదో సామాను చేర్చాల్సి వస్తే ఖర్చు ఎంతో పెరుగుతుంది.

చివరగా నీరు. పాత ఇళ్ళలో కప్పు మీద పడిన వాననీటిని నేల కింది తొట్టిలోకి మళ్ళించేవారు. మీ పాత ఇంటి అడుగున అటువంటి తొట్టి ఉందేమో వెతకండి. ఉంటే పూడ్చకండి, బాగు చేయించండి.

తిరుగు ప్రశ్న: దీవిబాట

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ మా ఇద్దరి తరఫునా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆండ్రోస్ స్థలం ఆలోచన విరమించుకున్నాం. ఇకారియా ఇంటి విషయంలో మరో రెండు సందేహాలు ఉన్నాయి. వారసులు వేరే వారికి అమ్మేయకుండా ముందుగా బయానా ఇచ్చి ఒప్పందం రాసుకుని, ఆ తర్వాత రక్షణ శాఖ అనుమతికి దరఖాస్తు చేయవచ్చా? ఇల్లు కొన్నాక అక్కడ ఆరు నెలలు ఉండే హక్కు మాకు దానంతట అదే వస్తుందా?

సమాధానం: ఏథెన్స్_నుంచి

మొదటి సందేహం చాలా అవసరమైనది. సరిహద్దు చట్టం యాజమాన్య హక్కునే కాక, స్థిరాస్తి మీద ఒప్పందం ద్వారా ఏర్పడే హక్కులను కూడా నిషేధ పరిధిలోకి తెచ్చింది. కనుక మామూలు కొనుగోళ్ళలో చేసినట్లు నోటరీ దగ్గర ముందస్తు ఒప్పందం రాసి బయానా ఇవ్వడం మీ విషయంలో క్షేమం కాదు. ఆ ఒప్పందమే చెల్లకపోతే బయానా తిరిగి రాబట్టుకోవడం కోర్టు వ్యవహారమవుతుంది. అనుమతి వచ్చేదాకా డబ్బు చేతులు మారకూడదు. వారసుల నమ్మకం నిలుపుకోవడానికి ఆ నెలల్లో చేయదగిన పనులు ఉన్నాయి. వారి వారసత్వ నమోదు పని సాగుతూ ఉంటుంది, అదే సమయంలో మీ ఖర్చుతో మీ ఇంజనీరు స్థల పటం, గోడల పరిస్థితి మీద నివేదిక తయారు చేస్తారు. ఇవి మీ అనుమతి దరఖాస్తుకూ ఉపయోగపడతాయి. కొనేవారు నిజంగా కొనదలచారని వారసులకూ తెలుస్తుంది.

రెండవ దానికి జవాబు, రాదు. ఆస్తి కొనడం వేరు, నివాస హక్కు వేరు. డచ్ నివాస పత్రంతో మీరు గ్రీసులో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులు ఉండవచ్చు. అంటే వసంతంలో మూడు నెలలు, శరదృతువులో మూడు నెలలుగా విడదీసుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. ఆస్తి పెట్టుబడి మీద ఇచ్చే గోల్డెన్ వీసా మీ ఇంటికి వర్తించదు. 2024లో మార్చిన నియమాల ప్రకారం 3,100 మందికి మించిన జనాభా ఉన్న దీవుల్లో కనీస పెట్టుబడి 8 లక్షల యూరోలు. ఇకారియా జనాభా అంతకంటే ఎక్కువ. వరుసగా ఎక్కువ కాలం ఉండాలనుకుంటే, నిలకడైన ఆదాయం ఉన్నవారికి గ్రీసు ఇచ్చే నివాస అనుమతి గురించి గానీ, మీకు అర్హత ఉంటే యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాస హోదా గురించి గానీ మీ లాయరుతో మాట్లాడండి. మీలో ఒకరైనా అప్పటికి డచ్ పౌరసత్వం తీసుకునే ఆలోచనలో ఉంటే, ఆ తర్వాత వారి పేరు మీదే కొనడం వల్ల రక్షణ శాఖ అనుమతి అవసరమే తప్పిపోతుంది.

సమాధానం: కట్టుబడి

ఒక్క మాట చేర్చాలి. ఇంజనీరు నివేదిక చేయించేటప్పుడు గోడలో రెండు మూడు చోట్ల రాళ్ళు తీసి లోపలి భాగాన్ని చూసేందుకు వారసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. బయటి నుంచి చూసి ఇచ్చే నివేదికకు పెద్దగా విలువ లేదు. ఒకటి మూలకు దగ్గరగా, ఒకటి కిటికీ పక్కన, వీలైతే మరొకటి పునాది దగ్గర తెరిపించండి. ఇకారియా కొండ వాలు ఊళ్ళలో ఇంటి వెనక గోడ చాలాసార్లు కొండకే ఆని ఉంటుంది. వాననీరు ఆ వైపు నుంచే లోపలికి వస్తుంది. ఆ గోడ వెనక నీరు పోయే కాలువ తవ్వడానికి చోటు ఉందా, ఆ చోటు మీరు కొంటున్న హద్దుల్లోకి వస్తుందా అన్నది స్థల పటం గీసేటప్పుడే తేల్చుకోవాలి.